ఎదురు చుట్టు

“ఏందప్పా ఇది? సగం దారాలు ఇట్ల పోతాండాయి, సగం ఎదురు తిరిగినాయి!”

మండలాధ్యక్షుడు ఓబయ్య కేకకు జమ్మలమడుగు షెడ్డులో యంత్రం ఆగింది. షెడ్డు ఆయనదే. అందులో ఓడ పంకాను తిప్పే షాఫ్టు తయారవుతోంది. ఇనుముతో కాదు, కార్బన్ దారాన్ని జిగురులో ముంచి గొట్టంగా చుట్టి. డిజైన్ చేసిన ఇంజనీరు హుమాయున్. ఓడల కంపెనీ పరీక్షలో ఈ నమూనా నెగ్గితే ఆర్డరు వస్తుంది. లేకుంటే షెడ్డుకు తాళం.

“రెండు పక్కలా చుట్టాలన్నా. ఓడ ముందుకు పోయేటప్పుడు ఈ దారాలు కాస్తాయి, ఎనక్కి పోయేటప్పుడు ఆ దారాలు.”

“ఎనక్కి ఎందుకు పోవాల?”

“ఓడకు బ్రేకులుండవన్నా. పంకాను ఎనక్కి తిప్పితేనే నిలబడేది.”

“మూడు ఎలక్షన్లాయ. మా ఊర్లో నా మీద నిలబడే ఆ బాలయ్య పార్టీకి ఒక్క ఓటన్నా పడిందా? నా షెడ్డులో ఎదురు తిరిగే దారమా! ఆ బాలయ్యకు తెలిస్తే బజార్లో చెప్పుకోని నవ్వుతాడు. అన్నీ ఒకే పక్క చుట్టు.”

హుమాయున్ ఏదో చెప్పబోయాడు. అప్పటికే ఓబయ్య మనుషులు ఇద్దరు యంత్రానికి చెరోపక్క స్టూళ్లు వేసుకున్నారు, పోలింగ్ బూతులో కూర్చున్నట్టే. సాయంత్రానికి గొట్టం ఏకగ్రీవంగా తయారైంది.

పరీక్ష ప్రొద్దుటూరులో, ఒక కాలేజీ ల్యాబులో. ఓబయ్య మందీమార్బలంతో వచ్చాడు. గొట్టాన్ని మెలితిప్పే యంత్రానికి బిగించారు. ముందువైపు తిప్పితే నిలబడింది. ఒకడు జిందాబాద్ అన్నాడు. వెనకవైపు తిప్పారు. పావు వంతు బలం కూడా పెట్టకముందే దారాల వెంబడి చీలిపోయింది.

కంపెనీ అధికారి ఫైలు మూసి వెళ్లిపోయాడు.

“చెప్తే వినకపోతివి కదన్నా,” అన్నాడు హుమాయున్. అన్నాక భయమేసింది.

ఓబయ్య కోప్పడలేదు. చీలికలో వేలు పెట్టి చూశాడు.

“ముందుకు తిప్పితే ఏం కాదు?”

“కాదన్నా.”

“ఎనక్కి తిప్పితేనే?”

“అప్పుడే పోతాది.”

“పైకి తెలుస్తాదా?”

“రంగేస్తే తెలీదు.”

ఓబయ్య తన మనుషులను బయటికి పొమ్మన్నాడు. హుమాయున్ భుజమ్మీద చెయ్యి వేశాడు.

“షెడ్డు మూయబాకప్పా. ఇట్లాంటిదే ఒకటి, జీపు చక్రాలు తిప్పే షాఫ్టు కొలతకు చెయ్. బాలయ్య మెకానిక్కు మనోడే. దావలో మేం బండ్లు అడ్డం పెట్టినప్పుడు, వాని జీపు ఎనక్కి పోగూడదు.”