వాగు మీద తాటి మొద్దులు

"మీ అర్జీ కొట్టేసిన్రమ్మా. మీ వాగు మీద వంతెన ఉందని రాసిన్రు," అన్నాడు గుమాస్తా వామన్‌రావు.

తబిత వాగు అవతలి గూడెంలో అంగన్‌వాడీ టీచరు. వాగు మీద వంతెన కోసం ఆరేళ్లుగా నాంపల్లిలోని ఈ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది.

ఆయన ఫైల్లోంచి ఒక ఫొటో తీసి చూపించాడు. బడి పిల్లలు తాటి మొద్దుల మీద వాగు దాటుతున్నారు.

"అది వంతెన కాదు సార్. మా మొగోళ్లు ఏసుకున్న మొద్దులు."

"నాకు తెల్వదా? గాని దారి ఉన్నోళ్లకు ఇయ్యరు." ఆయన గొంతు తగ్గించాడు. "సోమవారం సర్వేకొస్తరు. గప్పటికి గవి లేకుంటే మీ గూడెం పేరు లిస్టుల ఎక్కుతది."

తబిత స్టేషన్‌కు నడిచి వెళ్లి, బెంచీ మీద కూలబడి, గూడెం పెద్దకు ఫోన్ చేసింది. గుమాస్తా చెప్పిందంతా, ఫొటో సంగతీ చెప్పింది.

"మొద్దులు తీస్తే పిల్లలు బడికెట్ల పోతరు?" పెద్దాయన మండిపడ్డాడు. "అసలు గా ఫొటో పంపిందెవరు?"



"నేనే పెద్దయ్యా. పిల్లలు ఎంత గోస పడుతున్నరో జర చూడుండ్రని, పోయిన అర్జీకి నేనే అంటించిన."

ప్లాట్‌ఫారం మీదికి రైలు వచ్చి ఆగింది.

"మొద్దులు తియ్యం," అన్నాడాయన చివరికి. "ఇంకో అర్జీ రాద్దువు గాని, పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నవా బిడ్డా?"