గీత మరిచిపోలేదు

ఒక చెరువులో మూడు వాడలుండేవి. వాడలో ఎక్కువమంది ఎవరిని కోరితే వారే దాని పెద్ద. పెద్దలందరూ ఒప్పుకుంటేనే తూము తెరవాలి. తూము తెరిస్తే నీరంతా పోయి కొంగలకు చేపలు, కప్పలకు చావు. ఒక వాడ కప్పలదే కాబట్టి, వాటి పెద్ద ఏటా వద్దనేది.

ఈసారి కొంగ తన ముక్కుతో బురదలో హద్దులు కొత్తగా గీసింది. ఒక్కచోట ఉండే కప్పలు మూడు వాడల్లోకి చెదిరిపోయాయి. ఎక్కడా వాటి పెద్ద నెగ్గే దారి లేదు.

కప్పలు తీర్పులు చెప్పే ఏనుగుతో మొరపెట్టుకుని, ముసలి తాబేలు మంగతాయిని సాక్ష్యానికి తెచ్చాయి.

"పాత హద్దు ఎక్కడమ్మా?" అంది ఏనుగు.

మంగతాయి దారంతా వల్లె వేసుకుంటూ వచ్చింది కాస్తా మనసులోంచి ఎగిరిపోయింది.

కొంగ నవ్వింది. "పొద్దున తిన్నదే గుర్తుండదు, ఈవిడా సాక్షి! నేల మెత్తనయ్యా, గీత దానంతటదే వంకర పోయింది."

"గుర్తు తెచ్చుకోవే మామ్మా!" కప్పలు బతిమాలాయి.

"పోయిందర్రా. ఉన్న గీత మీదే నడుస్తాను, చూడండి."

మెల్లగా నడిచింది. గీత ఎక్కడ మెలి తిరిగితే అక్కడల్లా ఒక బొరియలోంచి కప్ప తల పైకెత్తి, "రా మామ్మా, కూర్చో" అని పిలిచింది.

మంగతాయి ఆయాసపడుతూ తిరిగొచ్చింది.

"నాది మతిమరుపే బాబూ. ఈ గీత మాత్రం ఒక్క కప్ప ఇల్లూ మరిచిపోలేదు."

ఏనుగు లేచి, కాలితో గీతను చెరిపేసింది.