దొరికిన నాన్న

"మీ నాన్నగారు దొరికేశారండీ!" అంటూ, తప్పిపోయినవాళ్లని వెతికే ‘అందరం’ యాప్ తరఫున వచ్చినావిడ ఎవరో ముసలాయన్ని ఆటోలోంచి దింపింది.

హైమవతి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఈయన మా నాన్న కాదండీ. మా నాన్న చేతిమీద అమ్మ పేరు పచ్చబొట్టు ఉంటుంది. రత్నమాల అని."

"వయసు మీదపడితే చెరిగిపోతాయిలెండి. ఊరూరా జనం ఫోటో చూసి ఈయనే అన్నారు. కాదంటున్నది మీరొక్కరే."

జనం ఎలా చెబుతారో హైమవతికి తెలుసు. తప్పిపోయినవాళ్ల ముఖం ఫోన్లో రాగానే, ఎక్కువమంది ఏం నొక్కారో చూసి అదే నొక్కాలి. తేడాగా నొక్కినవాళ్లకి రేపు కష్టమొస్తే సాయానికి ఎవరూ కదలరు. పొయ్యి దగ్గర నిలబడి తనూ ఎన్ని ముఖాలకో అలాగే ‘అవును’ నొక్కింది.

ఆవిడ వెళ్లిపోయాక హైమవతి ‘అందరం’లో నాన్న ఫోటో మళ్లీ పెట్టింది. ‘దొరికారు, వెతకనక్కర్లేదు’ అని జవాబొచ్చింది.

ముసలాయన ఆకలిగా వంటింటివైపు చూస్తున్నాడు. అన్నం పెట్టింది.

"నేను మీ నాన్ననేనటమ్మా. నాకైతే ఏమీ గుర్తులేదు" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా.

అంతలో ఫోన్ మోగింది. తెరమీద మరో ముసలాయన. చేతిమీద పచ్చబొట్టు: రత్నమాల. ‘ఈయన అనకాపల్లి భారతిగారి నాన్నేనా?’ అప్పటికే వేలమంది అవునన్నారు.

హైమవతి ‘కాదు’ నొక్కింది. మళ్లీ మళ్లీ నొక్కింది. ‘మీ జవాబు అందరితో కలవలేదు’ అని వచ్చి, ఆ ముఖం మాయమైపోయింది.

"ఎవరమ్మా అది?"

"మా నాన్నండీ."

"దొరికాడా? పోన్లే తల్లీ!" అని ముసలాయన మనసారా నవ్వాడు.