ఏడు ముక్కల కవచం

ఆదివారం ఉదయం పదింటికి నీరజ గేమ్ తెరిచేసరికి, ఆమె మెయిల్‌బాక్స్‌లో ఏడు ముక్కలు వచ్చి ఉన్నాయి.

శిరస్త్రాణం, భుజాలు, ఛాతీ పలక, చేతి తొడుగులు, నడుంపట్టీ, మోకాలి పలకలు, పాదరక్షలు. అన్నీ కిలుం పట్టిన రాగి రంగులో, అంచులు విరిగి.

పంపినవాడు ప్రణీత్.

కింద ఒక్క లైను. "అక్కా, నువ్వేసుకో. నీకు మంచిగుంటది."

ఒక రాజు చనిపోతూ తన కవచాన్ని ఏడు ముక్కలు చేసి ఏడు శిథిలాల్లో దాచాడని ఆ ఆటలో కథ. అవన్నీ ఏరుకొచ్చి కొలిమిలో అతికించుకున్నవాళ్లు వేలమందిలో ఒకరుంటారేమో. ప్రణీత్‌కి రెండేళ్లు పట్టింది. పోయిన నెలే పూర్తి చేశాడు.

అతికించిన కవచాన్ని ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. ఇవ్వాలంటే మళ్లీ ముక్కలు చేయాలి.

ఎటోబికోలో తన అపార్ట్‌మెంట్ వంటింట్లో, లాప్‌టాప్ ముందు కూర్చుని నీరజ మొదట నవ్వుకుంది.

ఆ లైను మళ్లీ చదివింది. టీ కప్పు కింద పెట్టేసింది.

ప్రణీత్‌ని ఆమె ఎప్పుడూ చూడలేదు. వాటర్లూలో చదువుకుంటున్న కుర్రాడు. రెండేళ్లుగా హెడ్‌సెట్‌లో వినే గొంతు, అంతే.

రెండు వారాల కింద ఆట మధ్యలో అన్నాడు, "లెటర్ వచ్చిందక్కా. ఈడ ఉండనీకి పర్మిట్ రిఫ్యూజ్ చేసిన్రు." ఆమె నోరు తెరిచేలోపే, "వదిలెయ్, ఆడుదాం" అన్నాడు.

ఆమె వదిలేసింది.

శంకర్‌కి ఫోన్ చేసింది. అతనిది బ్రాంప్టన్, ట్రక్కు నడుపుతాడు. ఆటలో ముగ్గురూ ఒకే జట్టు.

"అన్నా, ప్రణీత్ నీకేమైనా పంపాడా?"

"గుర్రం పంపాడమ్మా. కత్తి కూడా. పరీక్షలు కదా, గేమ్ మానేస్తున్నాడేమో."

"మానేసేవాడు అమ్ముకుంటాడన్నా. పంచిపెట్టడు."

అతను ట్రక్కు పక్కకి ఆపిన చప్పుడు వినిపించింది.

"వాడి అడ్రస్ ఉంది నా దగ్గర. చలికాలం జాకెట్ ఇచ్చొచ్చాగా. నేనిప్పుడు మిల్టన్ దగ్గరున్నా, వెళ్లడానికి గంట పడుతుంది. అడ్రస్ పంపిస్తా, నువ్వు పోలీసులకి, 911కి చెయ్."

చేసింది.

అతను ప్రమాదంలో ఉన్నాడని మీకెలా తెలుసని అడిగారు.

ఆటలో తన కవచం ఇచ్చేశాడని చెప్పింది. ఇంగ్లీషులో ఆ మాట ఎంత పిచ్చిగా ఉందో చెబుతుంటేనే తెలిసింది.

అవతలి ఆమె నవ్వలేదు. అడ్రస్ ఇంకోసారి చెప్పమంది.

ఫోన్ పెట్టేసి చూస్తే, స్క్రీన్ మీద ప్రణీత్ పేరు ఇంకా ఆకుపచ్చగానే ఉంది, ఆటలోనే ఉన్నాడు. సముద్రం పక్కన కొండ అంచున అతని బొమ్మ నిలబడి ఉంది. ఒంటి మీద ఒట్టి నూలు చొక్కా.

నీరజ తన బొమ్మని తీసుకెళ్లి పక్కన నిలబెట్టింది. మైక్ ఆన్ చేసింది.

"ప్రణీత్."

చాలాసేపటికి, "అక్కా. ఇయ్యాల డ్యూటీ లేదా?"

"లేదు. ఇవి ఎలా అతికించాలో తెలీట్లేదు. చెప్పవా?"

వరుస తప్పితే ముక్క పగిలిపోతుంది. ఆ వరుస ఆమెకు బాగా తెలుసు.

"ఆన్‌లైన్ల ఉంటది చూడక్కా."

"నువ్వు చెప్పు."

"ముందు పాదరక్షలు పెట్టు."

పెట్టింది. ఎంత మెల్లగా పెట్టగలదో అంత మెల్లగా.

తర్వాత కావాలనే భుజాల మీద చెయ్యి వేసింది.

"అది కాదక్కా. మోకాళ్లయి."

మూడోది నడుంపట్టీ. నాలుగోది చేతి తొడుగులు. ఒక్కో జవాబూ ముందుదానికంటే ఆలస్యంగా వస్తోంది.

"అక్కా, నేనింక పోతా."

"ఇంకా మూడున్నాయి. పగిలితే నీ రెండేళ్లూ పోతాయి."

"ఛాతీ పలక."

"పెట్టా. ఇప్పుడు?"

కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు. దూరంగా ఎక్కడో తలుపు మూసుకుంది.

"ప్రణీత్, ఇప్పుడేంటి? ఛాతీ పలక తర్వాత ఏంటి?"

కొండ అంచున బొమ్మ గాలికి చొక్కా ఊగుతూ నిలబడే ఉంది. ఆడేవాడు లేనప్పుడు బొమ్మలన్నీ అలాగే నిలబడతాయి.

"ప్రణీత్. రా, తర్వాత ఏంటో చెప్పు."

తలుపు కొడుతున్నారు. తన తలుపేమోనని ఉలిక్కిపడింది. కాదు, హెడ్‌సెట్‌లో.

మళ్లీ కొట్టారు. ఎవరో మగమనిషి అతని పేరు తప్పుగా పలుకుతూ పిలిచాడు. ఇంకోసారి, గట్టిగా.

అప్పుడు అతని బొమ్మ మెల్లగా చెరిగిపోయింది. పది నిమిషాలు ఎవరూ కదపకపోతే ఆట మనిషిని బయటికి పంపేస్తుంది.

పేరు బూడిద రంగుకి మారింది. చప్పుడు ఆగిపోయింది.

నీరజ హెడ్‌సెట్ తీయలేదు. చెవుల్లో తన ఊపిరే వినిపిస్తోంది. శంకర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

ప్రణీత్ ఇంటిపేరేంటో తనకి తెలియదని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లమ్మ పేరు తెలియదు. ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తెలియదు.

గంటంబావుకి ఫోన్ మోగింది. శంకర్.

రెండు రింగులు పోనిచ్చింది. ఎత్తితే వినాల్సి వస్తుంది.

"అన్నా."

"హాస్పిటల్లో ఉన్నానమ్మా. పోలీసోళ్లు తీసుకొచ్చారు. తలుపు వాడే తీశాడంట. డాక్టర్ చూస్తోంది."

"వాణ్ణి చూశావా అన్నా?"

"ఇప్పుడే కలవనిచ్చారు. ఏం మాట్లాడట్లా. చెయ్యి పట్టుకుని కూర్చున్నా. ఒక్క మాటే అన్నాడు."

"ఏమని?"

"ఆకలేస్తోందంట."

నీరజ హెడ్‌సెట్ తీసేసి, బియ్యం కడగడానికి లేచింది.