చివరి మేకు

"ఈ తాళంచెవులన్నీ ఆఫీసుకి అప్పగించాలండీ," అంది వరదల ఆఫీసు నుంచి వచ్చిన సర్వే ఆవిడ.

తాళంచెవి అరగదీస్తున్న తాళాలాయన చేతిలో ఆకురాయి ఆగలేదు. "ఎందుకట?"

"ఇంతమంది ఇళ్ళ తాళంచెవులు ఒక్కరి కొట్లో ఉండకూడదు. రేపు ఏరు పొంగితే మా పడవవాళ్ళకి కావాలి."

"మీ ఆఫీసు ఐదింటికల్లా మూసేస్తారు. ఏరు టైము చూసుకుని పొంగుతుందా? పోయిన నెల మీ బీరువా తాళంచెవి పారేసుకున్నారుగా, తెరిచిందెవరు?"

తెరిచింది ఆయనే. బేరంలో ఆఫీసు అక్కడికి సగం దిగిపోయింది.

ఆ కొట్లో ఇద్దరుంటే మూడోవాడు వానలో నిలబడాల్సిందే. వెనక గోడకి ఓ చెక్క, చెక్కకి వరసగా మేకులు, మేకుకో తాళంచెవి. వేటికీ పేరు లేదు, నంబరు లేదు.

"ఏది ఎవరిదో రాసి పెట్టుకోలేదా?"

"రాస్తే నాతోపాటు దొంగకీ పనికొస్తుంది."

ఆవిడ స్టూలు మీద కూలబడి ఫారం తీసింది. "నా బాధ వినండి. వరదొస్తే తమంతట తాము బయటపడలేనివాళ్ళు ఈ వీధిలో ఎంతమంది? ఇదీ ప్రశ్న. పొద్దుటినుంచీ ఇల్లిల్లూ తిరిగాను. ఎవర్నడిగినా 'నాకేం, బాగానే ఉన్నాను' అంటారు. ఫారంలో లేని తలుపుకి పడవ రాదండీ. సాయంత్రానికి లెక్క ఇచ్చెయ్యాలి."

"మొహం మీద అడిగితే ఎవడు చెప్తాడమ్మా?" తాళాలాయన ఆకురాయి కింద పెట్టాడు. "నలుగురున్న ఇంట్లోవాడు డూప్లికేట్ తాళంచెవి పెళ్ళానికో అన్నదమ్ముడికో ఇస్తాడు. ఇవ్వడానికి మనిషి లేనివాడే నా దగ్గర పెడతాడు. మీ ప్రశ్నకి జవాబు ఆ చెక్క. రాసుకోండి."

ఆవిడ కలం మూత తీసింది.

"మొదటిది మేడ మీది టైలరమ్మ. చెవులు వినపడవు. తలుపు విరిగేలా బాదినా లాభం లేదు, కిటికీలోంచి టార్చి కొట్టండి. రెండోది మూలింటి రిటైర్డ్ గుమాస్తా. మోకాళ్ళు పోయాయి. మెట్లు దిగలేనని చచ్చినా అనడు. ఎత్తుకోబోతే తిడతాడు. తిట్టించుకునే ఎత్తుకోండి."

"మూడు?"

"నర్సు. రాత్రంతా డ్యూటీ, పగలు మాత్ర వేసుకుని పడుకుంటుంది. మీ మైకు ఆవిడకి జోలపాట. తాళం తీసి లోపలికెళ్ళి లేపాలి. నాలుగోది పిల్లుల మామ్మ. ముందు పిల్లుల్ని పడవెక్కిస్తే తనే వెనకాల వస్తుంది."

ఆవిడ కలం పరిగెత్తింది. వాన పెరిగింది. తాళాలాయన గడియారం వంక చూశాడు.

"పొద్దుపోతోందమ్మా. ఇంట్లో కంగారు పడరూ?"

"ఎవరూ పడరండీ. ఐదోది?"

ఐదు నుంచి పన్నెండు దాకా చెప్పాడు. పదమూడోది చెప్పేముందు ఆవిడే అడిగింది. "పోయిన వరదలో ఈ చెక్కని ఎవరూ అడగలేదా?"

"అప్పటికి చెక్క లేదు. ఎదురుగా ఆ కింది గదిలో గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. చుట్టాలింటికి వెళ్ళుంటాడులే అని వీధి వీధంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. నీళ్ళు తీశాక నాలుగోరోజు తాళం తెరవమని నన్ను పిలిచారు." తాళాలాయన కింద పెట్టిన ఆకురాయి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "లోపలే ఉన్నాడు. ఆయన చుట్టాల పేర్లు చెప్పండని పోలీసులడిగితే, ఒక్కడికీ ఒక్క పేరూ తెలీదు."

 మిగిలినవి త్వరగా చెప్పేశాడు.

"పదిహేడు. అంతే."

ఆవిడ తలెత్తి చెక్క వంక చూసింది. "మేకులు పద్దెనిమిది ఉన్నాయి."

చివరి మేకుకి ఎర్రదారం కట్టిన తాళంచెవి వేలాడుతోంది.

"అది వదిలెయ్యమ్మా. గట్టి మనిషి. ఆయన సంగతి ఆయన చూసుకోగలడు."

"పొద్దుటినుంచీ అందరూ ఇదే చెప్పారు. ఎవరిదండీ అది?"

తాళాలాయన బల్ల మీది ఇత్తడి రజను తుడిచాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు. "ఈ కొట్టు వెనక గదిది."

"అంటే మీదే."

"ఇంకెక్కడ పెట్టుకోను?"

"మరి మీరు లోపల పడిపోతే? వీధిలో ఎవరు పడిపోయినా మీరు తీస్తారు. మీ తలుపెవరు తీస్తారు?"

ఆ లెక్క ఆయన చాలాసార్లు వేశాడు. ఎన్నిసార్లు వేసినా శేషం ఒకటే వచ్చేది.

ఆవిడ ఫారంలో పదిహేడు కొట్టేసి పద్దెనిమిది వేసింది. లేచి వెళ్ళి ఎర్రదారం తాళంచెవి తీసి తన సంచిలో వేసుకుంది.

"ఇది మాత్రం నా దగ్గరుంటుంది. ఆఫీసులో కాదు, నా దగ్గర."

"మిగతావి?"

"ఇవ్వనని మొండికేశారని రాస్తాను."

తాళాలాయన నవ్వాడు. నవ్వి చాలా రోజులైనట్టుంది, సగంలో దగ్గొచ్చింది.

ఆవిడ ఫారాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గొడుగు విప్పి, మెట్టు దిగింది. దిగి నిలబడింది. వీధి అంచున కాలువ నీళ్ళు అప్పుడే మట్టిరంగుకి తిరుగుతున్నాయి. గొడుగు మూసి మళ్ళీ మెట్టెక్కి, సంచిలోంచి ఓ రింగు తీసి బల్ల మీద పెట్టింది. రింగుకి ఉన్నది ఒక్కటే తాళంచెవి.

"దీనికో డూప్లికేట్ చేసిపెట్టండి. వెనక సందులో, మేడ మీది నా గదిది."

మిషన్ కాసేపు గీపెట్టి ఆగింది. తాళాలాయన అంచులు ఆకురాయితో నున్నగా చేసి, రెండూ ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ పాతది రింగుకి తగిలించుకుని, కొత్తదాన్ని ఆయన వైపు జరిపింది.

"ఇది మరిచిపోయావమ్మా."

"లేదు బాబాయ్," అంది ఆవిడ. "ఆ మేకు ఖాళీగానే ఉందిగా."