ఏడు, ఎట్టు

"మేడంని చూడకుండా నేను పోను," అంది ఆ పెద్దావిడ గుమ్మం పట్టుకుని.

వాచ్‌మన్ మునిరాజుకు ఏం చేయాలో పాలుపోలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచే యూనివర్సిటీలో పండగ. విద్యార్థుల ఆరోగ్యం కోసం, మనశ్శాంతి కోసం పెట్టిన ‘క్షేమం’ కార్యక్రమానికి ఏడాది నిండింది. దాన్ని నడిపే ప్రొఫెసర్ నివేదిత పట్టుచీర కట్టుకుని, ఢిల్లీ నుంచి రాబోయే అతిథుల కోసం క్షణానికోసారి వాచీ చూసుకుంటోంది.

గొడవ విని ఆవిడే బయటికి వచ్చింది.

"ఎవరమ్మా మీరు?"

"గోవిందమ్మ మేడం. తిరువొత్తియూరు. ఈడ ఒక బిడ్డ చదువుతా ఉండాది. నిన్నట్నుంచి పలకలా. ఫోన్ ఆఫ్ చేసిపెట్టినాది. నాకెందుకో శానా భయంగా ఉండాది."

"పేరేంటి?"

"తెల్దు."

"ఏ డిపార్ట్‌మెంటు?"

"అదీ తెల్దు. ఆంధ్రా బిడ్డ. హాస్టల్లో జన్నల్ తెరిస్తే రైళ్ళు కనపడతాయంట. ఆ సద్దుకు నిద్దరే రాదంట, పావం."

"మీకేమవుతుంది?"

"ఏమీ కాదు మేడం. ఫోన్లోనే పరిచయం. మొదట్లో నేను..."

నివేదితకు చిర్రెత్తుకొచ్చింది. పేరు తెలియదు, చుట్టరికం లేదు, ఫోన్లో పరిచయమట! ఈ రోజుల్లో ఫోన్ పరిచయాలు ఎలాంటివో ఎవరికి తెలియదు?

"చూడండమ్మా, మా పిల్లల వివరాలు బయటివాళ్ళకు చెప్పం. అది రూలు."

"నాకు చెప్పొద్దు మేడం. ఎవర్నైనా పంపించి ఒక తూరి ఆ బిడ్డను చూసి రమ్మనండి. అది చాలు."

రైలు పట్టాల వైపు ఉన్నది ఒక్క హాస్టలే. మనిషిని పంపితే ఇట్టే తేలిపోయే పని. ఆ సంగతి నివేదితకు తట్టకపోలేదు. కానీ అంతలోనే కార్లు వచ్చాయని కబురొచ్చింది.

"ఇలాంటివి చూడటానికే హెల్ప్‌లైన్ పెట్టాం. అదిగో, గోడ మీద నంబరు. దానికి చేసి చెప్పుకోండి," అంటూ చకచకా వెళ్ళిపోయింది.

గోవిందమ్మకు చదువు రాదు. మునిరాజే ఆవిడ ఫోన్ అందుకుని, పోస్టర్ చూసి నంబరు నొక్కాడు. తగల్లేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అంతే.

అతిథులను వెంటబెట్టుకుని వస్తున్న నివేదితకు ఎదురెళ్ళాడు.

"హెల్ప్‌లైన్ ఎంగేజే వస్తా ఉంది మేడం."

"విన్నారా సార్! మా లైన్ ఒక్క నిమిషం ఖాళీగా ఉండదు," అని మురిసిపోయింది నివేదిత.

అతిథులు చప్పట్లు కొట్టారు.

గోవిందమ్మను గేటు దాకా సాగనంపమని మునిరాజుకు కళ్ళతోనే చెప్పింది.

ఆ సాయంత్రం పట్టాల వైపు హాస్టల్లో ఒక గది తలుపు పగలగొట్టారు. లయ. ఒంగోలు పిల్ల, ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం. మధ్యాహ్నం దాకా ప్రాణం ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడు.

మర్నాడు లయ పక్కగది అమ్మాయి ఉజ్వలను పిలిపించింది నివేదిత. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు అలవాటే కదా.

"ఇంత పెద్ద హెల్ప్‌లైన్ ఉంది కదమ్మా. తను ఒక్కసారైనా ఫోన్ చేసి ఉండకూడదా?"

"రోజూ చేసేది మేడం! మేమందరం చేస్తాం. ఆ లైన్లో ఉండే అమ్మ లేకపోతే నేనెప్పుడో చదువు మానేసి ఇంటికి పోయేదాన్ని. మార్కుల గురించి అడగదు. అన్నం తినకపోతే మాత్రం తిడుతుంది."

అమ్మా? హెల్ప్‌లైన్లో కూర్చునే శ్రీప్రియకు పాతికేళ్ళు కూడా లేవు.

నివేదిత హెల్ప్‌లైన్ గదికి పరుగెత్తింది.

"శ్రీప్రియా, లయ నీతో ఏం చెప్పుకునేది?"

శ్రీప్రియ భోరుమంది. "నాతో ఎవరూ మాట్లాడలేదు మేడం. ఈ ఫోన్ అసలు మోగదు. చెబితే ఉద్యోగం తీసేస్తారని నోరు మూసుకున్నాను."

నివేదిత గోడ మీది పోస్టర్ దగ్గరికి వెళ్ళింది. ప్రెస్సు నుంచి ప్రూఫ్ వచ్చిన రోజు తన ఫోటో బాగా పడిందా లేదా అని చూసుకుందే గానీ, నంబరు చూడలేదు. ఇప్పుడు చూసింది. ఏడు ఉండాల్సిన చోట ఎనిమిది ఉంది.

టి. నగర్ ప్రెస్సు ఆయనకు ఫోన్లో ఆ నంబరు చెప్పింది తనే. విజయవాడ నుంచి వచ్చిన కొత్త, నేర్చుకున్న నాలుగు తమిళ ముక్కల మీద మోజు. అంకెలన్నీ తమిళంలో చెబుతూ, ‘ఏళు’ అనాల్సిన చోట నోరు జారి మన ‘ఏడు’ అనేసింది. ఆయన చెవికది ‘ఎట్టు’ అని వినబడింది. తమిళంలో ఎట్టు అంటే ఎనిమిది.

ఏడాదిగా యూనివర్సిటీ పిల్లల కష్టమంతా వింటున్నది ఎవరో తెలియదు. ఆ ఎనిమిది ఉన్న నంబరుకే ఫోన్ చేసింది.

రింగు పూర్తి కాకుండానే ఎత్తారు. నివేదితకు ఏడుపొచ్చింది.

"నువ్వేనా బిడ్డా?" అంది అవతలి గొంతు ఆత్రంగా. "ఏడవబాకు, ఏడవబాకు. ఫోన్ చేసినావు, అది చాలు నాకు. నీ కోసరం నిన్న మీ యూనివర్సిటీ దాకా వస్తి నాయనా, ఆడ ఒక మేడం నన్ను గేటు బయటికి పంపించేసినాది."