తుప్పు పట్టే పెళ్ళికొడుకు

"ఇనుమట! పిల్లాడి ఒంట్లో ఇనుము ఎక్కువట! ఒరే సలేసీ, వాన పడితే తుప్పు పట్టేవాడికి నా మేనకోడల్ని ఇవ్వను గాక ఇవ్వను" అంది మెలియామే, మర్యాద కోసం నడుముకి చుట్టుకున్న చాప సర్దుకుంటూ.

డాక్టరు సలేసి తల పట్టుకున్నాడు. ఎదురుగా ఫెర్గస్ తల వంచుకుని కూర్చున్నాడు. మా నెయాఫు రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే ఆస్ట్రేలియా తెల్లకుర్రాడు. వాడి పక్కన మేనకోడలు కలోలైని ఏడుపు దిగమింగుకుంటోంది. కాబోయే అల్లుడికి రక్తపరీక్ష చేయించాలని పట్టుబట్టింది మెలియామేనే. మా టోంగాలో మేనత్త కాదన్న పెళ్ళిని కన్నతండ్రి కూడా చేయలేడు మరి.

ఇప్పటికే ఇద్దర్ని తిప్పి పంపింది మహాతల్లి. ఒకడు బద్ధకస్తుడట. రెండోవాడి ముత్తవ్వా వీళ్ళ ముత్తవ్వా అక్కచెల్లెళ్ళట. మాలో ఎంత దూరపు చుట్టరికమైనా అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క. ఆ సంబంధం గురించి మళ్ళీ ఎవరూ నోరెత్తలేదు.

"పెద్దమ్మా, అదేం అంటురోగం కాదు" అన్నాడు సలేసి. "అప్పుడప్పుడూ కాస్త రక్తం తీయించుకుంటే సరిపోతుంది. తాతల నాటి నుంచీ తెల్లవాళ్ళ రక్తంలోనే వచ్చే జబ్బిది. మనవాళ్ళలో ఎంతమందికి లివర్లో హెపటైటిస్ బి లేదు? నీకు లేదూ?"

"ఉంది. అది మన జబ్బు. మా అమ్మకుండేది, నాకొచ్చింది, మాత్రలు మింగుతున్నా. పరాయి జబ్బుల్ని గడప తొక్కనివ్వను. మా వంశంలో తెల్లరక్తం చుక్క లేదు!"

"మరి మొన్న నీ రక్తం కూడా తీశారుగా అత్తా, అదేమైంది?" అంది కలోలైని.

సలేసి మెలియామే వైపు తిరిగాడు. "అందరి ముందూ చెప్పమంటావా పెద్దమ్మా?"

"చెప్పరా, నాకేం దాపరికం!"

"నీ ఒంట్లోనూ ఇనుము ఎక్కువే."

"ఆ లివర్ జబ్బు వల్లే అయ్యుంటుంది!"

"నేనూ అలాగే అనుకున్నా. లివర్ దెబ్బతింటే ఇనుము పెరగొచ్చు. అందుకే జన్యువు పరీక్ష కూడా చేయించా. ఈ అబ్బాయికున్న జన్యువే నీకూ ఉంది. అదీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి."

"అంటే?"

"అంటే మీ ఇంట్లోకి తెల్లవాడు రెండువైపుల నుంచీ దూరాడు."

కలోలైని కిసుక్కున నవ్వింది. మెలియామే చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"పోనీలే అత్తా, ఇద్దరం కలిసే వచ్చి రక్తం తీయించుకుందాం" అన్నాడు ఫెర్గస్, వచ్చీరాని మా భాషలో.

ఇదే అదను అనుకున్నాడు సలేసి. "ఈ జన్యువు ఉన్నవాళ్ళందరికీ వేల ఏళ్ళ కిందట మూలపురుషుడు ఒక్కడేనంటారు. మీదీ ఈ అబ్బాయిదీ ఒకటే రక్తం పెద్దమ్మా!" అన్నాడు.

మెలియామే ఫెర్గస్ ఎర్రటి మొహాన్ని ఎగాదిగా చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వెళ్ళి వాణ్ణి దగ్గరికి లాక్కుని, చెంపకి ముక్కు ఆనించి గట్టిగా ముద్దు పెట్టుకుంది.

"నా తండ్రే! మనవాడివేనా! పరాయివాడివని ఇన్నాళ్ళూ ఎన్నేసి మాటలన్నానురా!"

ఫెర్గస్ కళ్ళు కూడా చెమర్చాయి. కలోలైని ఒక్క గెంతు గెంతి అత్తని వాటేసుకుంది. పాపం, ఇంత తేలిగ్గా కరుగుతుందని ఎవరూ అనుకోలేదు.

"ఇంకేం, పెళ్ళికి పందుల్ని కొయ్యడమే తరువాయి" అన్నాడు సలేసి చేతులు దులుపుకుంటూ.

మెలియామే గిరుక్కున వెనక్కి తిరిగింది.

"పెళ్ళా? సిగ్గుందట్రా నీకు? అన్నకీ చెల్లెలికీ పెళ్ళేమిటి!"